బడి కట్టిస్తామన్నారు, సరే... పంతుళ్ల మాటేమిటి?

ఫిల్మ్ నగర్, జూబ్లీహిల్స్ అనగానే ఎవరికైనా తారల బంగళాలు, స్టూడియోలు, అద్దాల కార్లు గుర్తుకొస్తాయి. ఆ గుట్టలకు మరో ముఖం కూడా ఉంది. బంగళాలకు కాపలా కాసేవారు, కార్లు నడిపేవారు, సెట్లు వేసే వడ్రంగులు, లైట్లు మోసేవారు, దుస్తులు కుట్టే దర్జీలు, గుంపు సన్నివేశాల్లో నిలబడే జూనియర్ ఆర్టిస్టులు గుట్టల వాలులోని బస్తీల్లో, కృష్ణానగర్ ఇరుకు గల్లీల్లో, యూసుఫ్‌గూడ, బోరబండ, రహ్మత్‌నగర్, షేక్‌పేటల్లో కాపురముంటారు. వారిలో మన ముస్లిం కుటుంబాలూ తక్కువేమీ కాదు. షేక్‌పేట పేరులోనే మన పాత చరిత్ర ఉంది. కుతుబ్‌షాహీల కాలం నాటి సరాయి అక్కడ ఇప్పటికీ నిలిచే ఉంది.

ఈ ప్రాంతంలో 'పబ్లిక్ స్కూల్' అన్న బోర్డు కనిపిస్తే మనవాళ్లు దూరం నుంచే సలాం కొట్టి వెళ్లిపోతారు. పబ్లిక్ అంటే ప్రజలు అని అర్థమైనా, ఆ బడి మాత్రం లక్షల్లో ఫీజు కట్టగలవారిది. అసలైన ప్రజల బడికి మన వాడల్లో వేరే పేరుంది: సర్కారు బడి. ఆ మాట అనేటప్పుడు గొంతులో కాస్త చిన్నచూపు ధ్వనిస్తుంది. ఆ చిన్నచూపు ఎక్కడి నుంచి వచ్చింది, దాన్ని పోగొట్టాలంటే పాలకులను ఏమని అడగాలి అన్నదే ఈ వారం మేము చర్చించదలచిన విషయం.

ఎన్నికల వేళ ఒక వాగ్దానం

2025 జూన్‌లో ఎమ్మెల్యే మాగంటి గోపీనాథ్ మరణించడంతో జూబ్లీహిల్స్ నియోజకవర్గంలో ఉప ఎన్నిక వచ్చింది. నవంబరు 11న పోలింగ్, 14న లెక్కింపు జరిగాయి. కాంగ్రెస్ అభ్యర్థి నవీన్ యాదవ్ గెలిచారు. పోలింగుకు రెండు వారాల ముందు, అక్టోబరు 28న, యూసుఫ్‌గూడలో సినీ కార్మికుల సభ జరిగింది. అందులో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి రెండు ముఖ్యమైన మాటలు చెప్పారు. సినిమా టికెట్ల ధర పెంచుకోవాలంటే, పెంచిన మొత్తంలో 20 శాతం కార్మికుల సంక్షేమానికి ఇవ్వాలన్నది ఒకటి. కృష్ణానగర్ ప్రాంతంలో స్థలం చూస్తే సినీ కార్మికుల పిల్లల కోసం నర్సరీ నుంచి 12వ తరగతి దాకా కార్పొరేట్ స్థాయి బడి కట్టిస్తామని, అందులో ఉదయం టిఫిన్, మధ్యాహ్న భోజనం కూడా పెడతామని చెప్పింది రెండోది.

మంచి మాటే. ఇన్నాళ్లూ స్టూడియోలకు స్థలం దొరికిన చోట, స్టూడియోలో చెమటోడ్చేవారి పిల్లల బడికి స్థలం దొరుకుతుందంటే ఎవరు కాదంటారు? సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకు రావాలని ఆనాటి ప్రభుత్వాలు స్థలాలిచ్చాయి, రాయితీలిచ్చాయి. 1970లలో అన్నపూర్ణ స్టూడియోస్ వచ్చింది. ఆ తరువాత పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు వెలిశాయి. ఫిల్మ్ నగర్ అనే ఊరే పుట్టింది. అందులో కూలీల పిల్లలకు వాటా అడగడం అత్యాశ కాదు.

అయితే వాగ్దానం విన్న వెంటనే మనవాళ్లు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఎక్కడ కడతారు, ఎప్పుడు కడతారు? దానికంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఆ బడిలో ఎంతమంది పంతుళ్లు ఉంటారు? వారిని పర్మినెంటుగా వేస్తారా, కాంట్రాక్టు మీదనా? జీతం ఎవరిస్తారు, ఎంత ఇస్తారు, నెలనెలా ఇస్తారా? భవనం కట్టడం ఒకసారి చేసే ఖర్చు. దానికి శంకుస్థాపన ఉంటుంది, రిబ్బను కత్తిరింపు ఉంటుంది, పత్రికల్లో ఫొటో ఉంటుంది. పంతులు జీతం ముప్పై ఏళ్లపాటు ప్రతి నెలా భరించవలసిన ఖర్చు. దానికి ఫొటో ఉండదు. అందుకే పాలకులెవరైనా మొదటిదాన్ని ఇష్టంగా ప్రకటిస్తారు, రెండోదాన్ని వీలైనంత కాలం వాయిదా వేస్తారు.

బడి ఖర్చు ఎలా నడుస్తుంది?

సర్కారు బడికి డబ్బు ప్రధానంగా మూడు దారుల్లో వస్తుంది. పర్మినెంటు పంతుళ్ల జీతాలు రాష్ట్ర ఖజానా నుంచి వస్తాయి. విద్యాశాఖ ఖర్చులో అన్నిటికంటే పెద్ద పద్దు ఇదే. రెండోది సమగ్ర శిక్ష. ఇందులో కేంద్రం 60 రూపాయలిస్తే రాష్ట్రం 40 రూపాయలు కలపాలి. కస్తూర్బా బాలికల విద్యాలయాలు, అదనపు గదులు, బడుల వార్షిక గ్రాంటు ఈ పద్దు కిందికి వస్తాయి. మూడోది మధ్యాహ్న భోజనం. అందులోనూ ఇద్దరి వాటాలున్నాయి.

ఆ వార్షిక గ్రాంటు ఎంతో తెలిస్తే పాఠకులు ఆశ్చర్యపోతారు. సమగ్ర శిక్ష నిబంధనల ప్రకారం 30 మంది లోపు పిల్లలున్న బడికి ఏడాదికి 10 వేల రూపాయలు. 31 నుంచి 100 మంది ఉంటే 25 వేలు. 101 నుంచి 250 వరకు 50 వేలు. వెయ్యి వరకు 75 వేలు. వెయ్యి దాటితే లక్ష. సుద్దముక్కలు, రిజిస్టర్లు, చీపుర్లు, ఫినాయిల్, పగిలిన కుళాయి, విరిగిన తలుపు అన్నీ అందులోనే సర్దుకోవాలి. 90 మంది పిల్లలున్న బడికి ఒక పిల్లవాడి మీద నెలకు పాతిక రూపాయలు కూడా పడవు. అదీ సకాలంలో వస్తేనే. 2024 టీచర్స్ డే నాడు సర్కారు బడులకు ఉచిత కరెంటు ప్రకటించడంతో ఆ బిల్లు బరువు తగ్గింది. అందుకు ప్రభుత్వాన్ని మెచ్చుకోవాలి.

ఇక చట్టం ఏమంటోంది? 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది వరకు ఇద్దరు పంతుళ్లు, 90 వరకు ముగ్గురు, 120 వరకు నలుగురు, 200 వరకు అయిదుగురు ఉండాలి. మంజూరైన పోస్టుల్లో ఖాళీలు 10 శాతం దాటకూడదని అదే చట్టంలోని 26వ సెక్షన్ చెబుతుంది. జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప చదువు కాని పనులకు పంతుళ్లను వాడకూడదని 27వ సెక్షన్ అంటుంది. కాగా 2024 నవంబరులో తెలంగాణలో ఇంటింటి కులసర్వే జరిగినప్పుడు ప్రాథమిక బడుల పంతుళ్లనే గడపగడపకూ పంపారు. ఆ రోజుల్లో ప్రాథమిక బడులు మధ్యాహ్నానికే మూతపడ్డాయి. సర్వే అవసరం లేదని మేము అనడం లేదు. వెనుకబడిన వర్గాల లెక్క తేలడం మనకూ మంచిదే. ఆ మూడు వారాల చదువు ఎవరి పిల్లలకు పోయిందన్నదే మా ప్రశ్న. ఫీజులు కట్టే బడి పంతుళ్లు ఎవరూ సర్వే కాగితాలు పట్టుకుని తిరగలేదు.

'బతకలేక బడిపంతులు'

ఈ సామెత తెలుగువారందరికీ తెలిసిందే. ఇది నవ్వులాటకు పుట్టిన మాట కాదు. పంతులు జీతం చూసి పుట్టిన మాట. ఫిల్మ్ నగర్ కథతో, రాష్ట్ర రాజకీయాలతో దానికి గట్టి సంబంధమే ఉంది.

1972లో 'బడిపంతులు' సినిమా వచ్చింది. కష్టాలు పడే పంతులు పాత్రలో ఎన్.టి. రామారావు నటించగా ఊళ్లకు ఊళ్లు కన్నీళ్లు పెట్టుకున్నాయి. ఆ నటుడే 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. మరుసటి నెలలోనే ప్రభుత్వోద్యోగుల విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించారు. పంతుళ్లతో సహా వేలాది మంది ఒక్కసారిగా ఇంటిదారి పట్టారు. కొత్తవారికి ఉద్యోగాలు వస్తాయన్నది ప్రభుత్వం వాదన. కూతురి పెళ్లి, కొడుకు చదువు మూడేళ్ల తరువాత అని లెక్క వేసుకున్న ఇళ్లు తలకిందులయ్యాయి. తరువాత ఆ వయసును మళ్లీ 58 చేయక తప్పలేదు. రాష్ట్రం విడిపోయాక తెలంగాణలో 2021లో 61కి, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 62కి పెంచారు.

ఆ 1980లలోనే 'స్పెషల్ టీచర్లు' వచ్చారు. వారికి నెలకు 398 రూపాయలు. పర్మినెంటు పంతులు చెప్పే పాఠమే వారూ చెప్పారు, అదే రిజిస్టరులో సంతకం పెట్టారు, చేతికి మాత్రం రోజుకు 13 రూపాయలు వచ్చాయి. '398 టీచర్లు' అన్న పేరు వారికి ఇంటిపేరులా మిగిలిపోయింది. ఆ కాలపు సర్వీసుకు నోషనల్ ఇంక్రిమెంట్లు ఇవ్వాలని దశాబ్దాల పాటు వారు కార్యాలయాల చుట్టూ తిరిగారు. కొందరు ఆ అర్జీ చేతిలో ఉండగానే రిటైరయ్యారు.

తరువాత పేరు మారింది, పద్ధతి మారలేదు. 1990ల చివరి నుంచి 'విద్యా వలంటీర్లు' వచ్చారు. వలంటీరు అంటే స్వచ్ఛందంగా పని చేసేవాడని అర్థం. కడుపు చేతపట్టుకుని వచ్చిన నిరుద్యోగికి ఆ పేరు పెట్టడంలోనే ప్రభుత్వం లౌక్యం తెలుస్తుంది. తెలంగాణ వచ్చాక వారి గౌరవ వేతనం నెలకు 12 వేల రూపాయల దాకా పెరిగింది. 2020లో కరోనాతో బడులు మూతపడ్డాయి. వారి కొలువూ దాంతోపాటే పోయింది. బడులు తెరిచాక కూడా వారిని పిలవలేదు. ఏళ్ల తరబడి పాఠం చెప్పిన మనిషిని ఒక నోటీసు కూడా లేకుండా మరిచిపోవడానికి వీలైంది. ఎందుకంటే అతను కాగితం మీద ఎన్నడూ పంతులు కాడు.

అదే పని, అదే తరగతి, పర్మినెంటు ఎస్జీటీకి 2020 స్కేలు ప్రకారం ఉద్యోగంలో చేరినప్పుడు మూలవేతనం 31,040 రూపాయలు. డీఏ, ఇంటద్దె భత్యం అదనం. ఒకే బడిలో ఇద్దరు పంతుళ్ల మధ్య ఇంత తేడా ఉంటే, తక్కువ జీతగాడి మనసు పాఠం మీద ఉండాలా, సాయంత్రం ట్యూషన్ల మీద ఉండాలా?

వేతన సవరణ అనే ఎదురుచూపు

ఉద్యోగులకు, పంతుళ్లకు అయిదేళ్లకోసారి జీతాలు సవరించడం ఉమ్మడి రాష్ట్రం నాటి ఆనవాయితీ. దాన్నే పీఆర్సీ అంటారు. ధరలు పెరిగిన మేరకు జీతం కూడా కదలాలన్నది దాని ఉద్దేశం. 2015లో తెలంగాణ ప్రభుత్వం 43 శాతం ఫిట్‌మెంట్ ఇచ్చింది. 2018 జూలై నుంచి రావలసిన తరువాతి సవరణలో బిస్వాల్ కమిషన్ కేవలం 7.5 శాతం సిఫారసు చేసింది. ఉద్యోగ సంఘాలు భగ్గుమన్నాయి. చివరకు 2021 మార్చిలో అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు శాసనసభలో 30 శాతం ప్రకటించారు. శాతం బాగానే ఉన్నా, అప్పటికి దాదాపు మూడేళ్లు గడిచిపోయాయి. ఆ ప్రభుత్వం చివరి రోజుల్లో నెల జీతం కూడా పదో తారీఖు దాటి పడిన సందర్భాలు పంతుళ్లు ఇంకా మరిచిపోలేదు. ఇంటద్దె ఒకటో తారీఖున, ఇంటి లోను కిస్తీ అయిదో తారీఖున కట్టవలసిన మనిషికి అది ఎంత అవమానమో వేరే చెప్పనక్కర్లేదు.

2023 జూలై నుంచి రావలసిన సవరణ కోసం ఆ ఏడాది అక్టోబరులో శివశంకర్ కమిటీ వేసి, 5 శాతం మధ్యంతర భృతి ఇచ్చారు. డిసెంబరులో ప్రభుత్వం మారింది. కొత్త ప్రభుత్వం 2024లో జీతాలు ఒకటో తారీఖున ఇవ్వడం మొదలుపెట్టింది. ఇది చెప్పుకోదగిన మార్పు. కానీ 2025 అక్టోబరు నాటికి కూడా కొత్త స్కేళ్లు చేతికి రాలేదు. రిటైరైన పంతుళ్లు జీపీఎఫ్, గ్రాట్యుటీ బిల్లుల కోసం నెలల తరబడి ఎదురుచూశారు. ఎవరు అధికారంలో ఉన్నా ఖజానాలో డబ్బు కరువైనప్పుడు మొదట ఆగేది నోరు చేసుకోలేని మనిషి బిల్లే.

ఈ విషయంలో ఫిల్మ్ నగర్ మనకు ఒక పాఠం చెప్పింది. 2025 ఆగస్టు 4న సినీ కార్మికులు 30 శాతం వేతన పెంపు కోరుతూ పని మానేశారు. షూటింగులు ఆగిపోయాయి. నిర్మాతలు, ఫెడరేషన్ మధ్య ప్రభుత్వం జోక్యం చేసుకోగా 21న సమ్మె ముగిసింది. తక్కువ కూలీ ఉన్నవారికి మూడేళ్లలో కలిపి 22.5 శాతం పెంపు దక్కింది. షూటింగు ఒక్కరోజు ఆగితే ఎన్ని లక్షల నష్టమో నిర్మాతకు వెంటనే తెలుస్తుంది. కాబట్టి 18 రోజుల్లో దారి దొరికింది. బడి ఒక్కరోజు ఆగితే ఎంత నష్టమో లెక్కగట్టే నిర్మాత ఎవరూ లేరు. 2024 డిసెంబరులో సమగ్ర శిక్ష కాంట్రాక్టు ఉద్యోగులు రాష్ట్రమంతటా సమ్మె చేశారు. కస్తూర్బా విద్యాలయాల్లో పాఠాలు వారాల తరబడి నిలిచిపోయాయి. ఆ ఆడపిల్లలకు పోయిన చదువు ఏ బాక్సాఫీసు లెక్కల్లోకీ ఎక్కలేదు.

పదిహేను శాతం ఎక్కడ?

2023 ఎన్నికల మేనిఫెస్టోలో కాంగ్రెస్ పార్టీ విద్యకు బడ్జెట్‌లో 15 శాతం కేటాయిస్తామని చెప్పింది. 2024-25లో సుమారు 2.91 లక్షల కోట్ల బడ్జెట్‌లో విద్యకు 21,292 కోట్లు దక్కాయి. అంటే 7.3 శాతం. 2025-26లో 3,04,965 కోట్లలో 23,108 కోట్లు. అంటే 7.6 శాతం దగ్గర. మాట ఇచ్చిన 15 శాతం కావాలంటే 45,700 కోట్లు కావాలి. సగం దారిలో ఉన్నామన్నమాట. అంతకుముందున్న ప్రభుత్వం కూడా దీనికంటే గొప్పగా ఏమీ చేయలేదు. ఢిల్లీ ప్రభుత్వం ఏళ్లుగా బడ్జెట్‌లో అయిదో వంతు, ఒక్కోసారి అంతకు మించి విద్యకు ఇస్తూ వచ్చింది. ఢిల్లీకి పోలీసు ఖర్చు వంటి బరువులు లేవన్నది నిజమే. అయినా మనసుంటే మార్గముంటుందని అది చూపింది.

ఉన్న డబ్బు ఎటు పోతోందన్నది కూడా చూడాలి. 2022 మార్చి 8న వనపర్తిలో 'మన ఊరు - మన బడి' మొదలైంది. హైదరాబాదులో దాన్ని 'మన బస్తీ - మన బడి' అన్నారు. మూడేళ్లలో 7,289 కోట్లతో 26 వేలకు పైగా బడులను బాగు చేస్తామన్నారు. మొదటి విడతకు తీసుకున్నవి 9,123. వాటిలో కూడా చాలా బడుల్లో పనులు సగంలో ఆగి, కాంట్రాక్టర్లు బిల్లుల కోసం తిరిగారు. ఆ తరువాతి ప్రభుత్వం యంగ్ ఇండియా ఇంటిగ్రేటెడ్ గురుకులాలు ప్రకటించింది. 58 బడులకు 11,600 కోట్లు, అంటే ఒక్కోదానికి 200 కోట్లు. ఆ 200 కోట్లతో, మూలవేతనం లెక్కన, అయిదు వేల మందికి పైగా కొత్త ఎస్జీటీలకు ఒక ఏడాది జీతం ఇవ్వవచ్చు. గురుకులాలు వద్దని మా ఉద్దేశం కాదు. 2016లో 71 బడులతో మొదలై మరుసటి ఏడాదికే 204కు చేరిన మైనారిటీ గురుకులాల వల్ల మన పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఎంత లాభపడ్డారో మన ఇళ్లలోనే కనిపిస్తోంది. వాటిలో కూడా అవుట్‌సోర్సింగ్ పంతుళ్లు ఎక్కువ కావడం వేరే దిగులు. గురుకులంలో సీటు దొరికిన పిల్లవాడికి భద్రత ఉంది. సీటు దొరకని పిల్లవాడికి గల్లీ చివరి సర్కారు బడే దిక్కు. ఆ బడిని ఎండగట్టి ఈ బడిని నిలబెడితే లాభమేముంది?

ఎండగడితే ఏమవుతుందో లెక్కలే చెబుతున్నాయి. 2024-25 జాతీయ గణాంకాల ప్రకారం విద్యార్థి ఒక్కరూ లేని బడులు తెలంగాణలో 2,245. పశ్చిమ బెంగాల్ తరువాత దేశంలో ఇదే అత్యధికం. పంతులు లేడని తల్లిదండ్రులు పిల్లల్ని తీసేస్తారు. పిల్లలు లేరని ప్రభుత్వం పంతుల్ని మారుస్తుంది. ఇలా బడి రెండు వైపుల నుంచీ ఖాళీ అవుతుంది.

మన ఉర్దూ బడుల గోడు

మన కుటుంబాలకు సంబంధించిన మరో ముడి ఉంది. 2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా గుర్తించారు. అయినా ఉర్దూ మీడియం బడుల్లో పోస్టులు నోటిఫికేషన్ వచ్చినా నిండవు. కారణం రోస్టర్. రిజర్వేషన్ ప్రకారం కొన్ని పోస్టులు ఎస్సీ, ఎస్టీ, ఇతర బీసీ వర్గాలకు వెళతాయి. ఆ వర్గాల్లో ఉర్దూ మీడియంలో చదివి, ఉర్దూలో బోధించగల అభ్యర్థులు దొరకడం అరుదు. దాంతో ఆ పోస్టులు ఖాళీగానే మిగిలి, బ్యాక్‌లాగ్ పేరుతో తరువాతి డీఎస్సీకి వెళతాయి. అప్పుడూ అదే కథ. మరోవైపు ఓపెన్, బీసీ-ఇ కోటాల్లో మన అమ్మాయిలు ఒక్కో పోస్టుకు పదుల సంఖ్యలో పోటీ పడుతుంటారు.

2024లో 11,062 పోస్టులకు డీఎస్సీ జరిగింది. అక్టోబరు 9న ఎల్బీ స్టేడియంలో 10,006 మందికి నియామక పత్రాలు ఇచ్చారు. ఏళ్ల తరువాత జరిగిన పెద్ద నియామకం అది, సంతోషించదగినదే. అయితే మిగిలిపోయిన వెయ్యికి పైగా పోస్టులలో ఉర్దూ మీడియం వాటా కూడా ఉండడం శోచనీయం.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇది రిజర్వేషన్ల మీద ఫిర్యాదు కాదు. దళిత, గిరిజన సోదరుల హక్కు ఒక్క పోస్టు కూడా తగ్గకూడదు. ఉర్దూ మీడియంలో నిండని వారి పోస్టులకు సమానంగా తెలుగు మీడియంలో వారికి పోస్టులిచ్చి, ఇక్కడి ఖాళీలను ఉర్దూ వచ్చినవారితో నింపితే ఎవరికీ నష్టం లేదు. అందుకు కావలసింది కొత్త డబ్బు కూడా కాదు, ఒక ప్రభుత్వ ఉత్తర్వు. ఉప ఎన్నికకు పది రోజుల ముందు, 2025 అక్టోబరు 31న, మొహమ్మద్ అజారుద్దీన్ మంత్రిగా ప్రమాణం చేసినప్పుడు మన వాడల్లో మిఠాయిలు పంచుకున్నారు. మిఠాయి అయిపోయింది. ఖాళీ పోస్టుల జాబితా మాత్రం అలాగే ఉంది.

చౌక బడి, చౌక పంతులు

సర్కారు బడి వద్దనుకున్న మన కుటుంబం ఎక్కడికి వెళుతుంది? పబ్లిక్ స్కూలుకు కాదు కదా. రెండు గదుల మేడ మీద ఇంగ్లీషు మీడియం బోర్డు కట్టుకున్న గల్లీ బడికి. అక్కడ ఫీజు తక్కువ. ఎందుకు తక్కువ? పంతులమ్మ జీతం తక్కువ కాబట్టి. ఆ పంతులమ్మ ఎవరు? చాలాసార్లు మన ఇంటి అమ్మాయే. డిగ్రీ, బీఈడీ చదివి, డీఎస్సీ కోసం ఎదురుచూస్తూ, పెళ్లి అయ్యేదాకా అంటూ ఆ బడిలో చేరుతుంది. వేసవి సెలవుల్లో జీతం ఉండదు. ఒకరి కొడుకు ఫీజు తగ్గడానికి మరొకరి కూతురి జీతం తగ్గాలి. రెండూ మన ఇళ్లే.

2020, 2021 కరోనా కాలంలో ఈ బడుల పంతుళ్లు ఉన్నట్టుండి రోడ్డున పడ్డారు. కొందరు కూరగాయలు అమ్మారు, కొందరు కూలికి పోయారు. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం వారికి నెలకు 2 వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. ఆ సాయం అందుకున్న చేతులు ఎన్నో తరగతులకు అక్షరాలు దిద్దించినవి. పంతులు క్యూలో నిలబడి బియ్యం తీసుకోవడం చూసిన పిల్లవాడికి చదువు మీద గౌరవం ఎలా నిలుస్తుంది?

సర్కారు బడిలో పంతులు జీతం బాగుంటేనే ప్రైవేటు బడి కూడా తన జీతం పెంచక తప్పదు. అది పడిపోతే ఇదీ పడిపోతుంది. కాబట్టి సర్కారు పంతులు పీఆర్సీ మనకెందుకులే అనుకోవడం పొరపాటు.

తల్లిదండ్రులు, పంతుళ్లు ఒక వైపు

పంతుళ్లు జీతం అడిగితే 'వేలకు వేలు తీసుకుంటారు, పాఠం చెప్పరు' అనే మాట మన అరుగుల మీద వినిపిస్తుంటుంది. పాఠం చెప్పని పంతుళ్లు లేరని మేము అనం. అటువంటివారిని నిలదీయవలసిందే. కానీ ఆ కోపాన్ని అడ్డం పెట్టుకుని పోస్టులు ఆపడం పాలకులకు అలవాటైంది.

2018లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియా అనే పేద రాష్ట్రంలో సుమారు 20 వేల మంది సర్కారు పంతుళ్లు తొమ్మిది పనిదినాల పాటు సమ్మె చేశారు. రాష్ట్రంలోని 55 జిల్లాల్లోనూ బడులు మూతపడ్డాయి. బడి భోజనం మీదే ఆధారపడిన పిల్లలు పస్తులుండకూడదని, సమ్మెలో ఉన్న పంతుళ్లే తిండి పొట్లాలు కట్టి ఇళ్లకు చేర్చారు. తల్లిదండ్రులు వారి పక్షాన నిలిచారు. చివరకు 5 శాతం పెంపు సాధించారు. మన దగ్గర 2022 ఫిబ్రవరి 3న ఆంధ్రప్రదేశ్ ఉద్యోగులు, పంతుళ్లు 23 శాతం ఫిట్‌మెంట్ చాలదంటూ విజయవాడలో వీధులు నింపారు. జనం మాత్రం పక్కన నిలబడి చూశారు. రెండు చోట్ల తేడా ఎక్కడుందో గమనించండి. తమ జీతం, పిల్లల అన్నం ఒకే గొడవ అని అక్కడి పంతుళ్లు తల్లిదండ్రులకు చూపగలిగారు.

మనం అడగవలసినవి

చట్ట ప్రకారం ప్రతి సర్కారు బడికి యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో మూడొంతులకు పైగా, అంటే నలుగురిలో ముగ్గురు, తల్లిదండ్రులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు. మన వాడల్లో ఈ కమిటీ పేరు విన్న తల్లులు ఎంతమంది? చదువుకోలేదన్న సంకోచం అక్కర్లేదు. అడగవలసినవి నాలుగే ప్రశ్నలు. మా బడికి మంజూరైన పోస్టులెన్ని? ఈ రోజు వాటిలో పని చేస్తున్నవారెంతమంది? వారిలో పర్మినెంటు ఎవరు, కాంట్రాక్టు ఎవరు? ఈ ఏడాది గ్రాంటు ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది? సమాధానం రాకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తు చాలు.

కృష్ణానగర్ బడి గురించి కూడా ఇవే ప్రశ్నలు అడగాలి. ఉప ఎన్నికలో జూబ్లీహిల్స్ ఓటర్లలో సగం మంది కూడా పోలింగుకు రాలేదు. వచ్చినవారిలో బస్తీలవారే ముందున్నారని నాయకులకు తెలియనిది కాదు. అందుకే ఓటు వేసిన తరువాత అడిగే హక్కు బస్తీకి ఇంకా ఎక్కువ ఉంది. స్థలం చూపారా అని అడుగుదాం. దానితోపాటే పోస్టులు మంజూరు చేసిన జీవో ఏదని అడుగుదాం. జీవో లేని బడి సినిమా సెట్టు లాంటిది. ముందు నుంచి చూస్తే రాజభవనం, వెనక్కి వెళితే కర్రలు, గోనెపట్టాలు. సెట్లు వేసే చేతులు మన బస్తీలవే కాబట్టి, ఆ తేడా మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు.